బిరడా తీశావా?

టప్.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఎండకు సాగిన షెడ్డు రేకులు చిటుక్కుమన్నాయి. ఒక ఈగ కిటికీ దాకా వెళ్ళి, బయట ఇంతకంటే వేడిగా ఉందని తెలుసుకుని తిరిగొచ్చింది. మళ్ళీ ఎక్కడో కింద, నీడ ముద్దకట్టిన చోట, ఒక నీటిబొట్టు తన బరువు తాను మోయలేక జారి రేకు మూత మీద పడింది.

టప్.

"దొరికావే దొంగా!" అంది బండి కింద నుంచి ఒక గొంతు.

ముందు రెండు అరిపాదాలు బయటికొచ్చాయి. ఆ వెనక గ్రీజు మరకల ప్యాంటు, ఆ వెనక చేత్తో టార్చిలైటు పట్టుకున్న యాభై ఏళ్ళ ఆడమనిషి. ఆమె నడుం పట్టుకుని లేచి నిలబడింది. వెతుకుతున్నది దొరికినందుకు సంతోషించాల్సింది పోయి ఇంకా మండిపడింది. ఆ బొట్టు మరీ చిన్నది. ఇరుసు మూతి దగ్గర రబ్బరు సీలు పెదవి కాస్త చీలి, అక్కడ ఊరుతోంది. అంతే. అంత చిన్న బొట్టుతో అంత పెద్ద బండి మునగదు.

బండి ఇటుక దిమ్మెల మీద నిలబడి ఉంది. ఆరు చక్రాలూ ఊడదీసి గోడకు ఆనించి ఉన్నాయి. చక్రాలు లేకపోయేసరికి అది పెద్ద స్నానాల తొట్టిలా కనిపిస్తోంది. ఆ తొట్టిలో ఇరుసులు మునిగేదాకా నీళ్ళు. దారిన పోయేవాళ్ళు ఆగి, తొంగిచూసి, నవ్వుకుని పోతున్నారు. లోకమంతా బండిని నీళ్ళలోకి దింపుతుంటే ఈవిడ నీళ్ళని బండిలోకి దింపింది.

"నవ్వండి, నవ్వండి," అందామె వాళ్ళ వీపుల వైపు చూసి. "బయట నుంచి ఎంత నిమిరినా దీనికి నొప్పెక్కడో చెప్పదు. లోపల నీళ్ళు పోస్తే అదే ఏడ్చి చెబుతుంది."

వెనకాల ఆమెను చిటపటమ్మ అంటారు. ఎదురుపడితే మేస్త్రమ్మ అంటారు. రెండూ ఆమెకు తెలుసు. చిటపటలాడకుండా ఏ ఇంజనైనా రాజుకుంటుందా అని ఆమె సమాధానం. పంపుహౌసుల ఆఫీసులో ఆమె మెకానిక్. ఆ ఊరికీ నీళ్ళకీ మధ్య ఉన్న ప్రతి మోటారూ ఏదో ఒక రోజు ఆమె చేత తిట్లు తిన్నదే. తిట్లు తిన్నాక తిరగనిది ఒక్కటీ లేదు.

ఆ బండి పేరు కప్పబండి. రెల్లుమడుగు అవతల మెరక మీద కొన్ని ఇళ్ళున్నాయి. మామూలు బండి వెళితే బురదలో కూరుకుపోతుంది. పడవ వెళితే రెల్లులో ఇరుక్కుంటుంది. కప్పబండి మాత్రం బురదలో చక్రాలతో పాకుతుంది, నీళ్ళొస్తే కడుపు మీద తేలుతుంది, తేలుతూ ఆ చక్రాలనే తెడ్లుగా తిప్పుకుంటుంది. దానికి స్టీరింగు ఉండదు, రెండు లివర్లుంటాయి. ఎడమది లాగితే ఎడమవైపు చక్రాలు ఆగుతాయి, బండి ఎడమకు తిరుగుతుంది. వానాకాలంలో నర్సమ్మ మెరక మీదికి పోవాలంటే అదొక్కటే దిక్కు.

ఆ దిక్కే కిందటి వారం మడుగు మధ్యలో మునిగింది.

నర్సమ్మ మందుల పెట్టెను నెత్తిన పెట్టుకుని ఛాతీలోతు నీళ్ళలో నడిచొచ్చింది. బండి నడిపే మనిషి చెప్పులు బురదకిచ్చి వచ్చింది. బండిని తాళ్ళు కట్టి ఒడ్డుకు లాగారు. ఆఫీసరు ఒడ్డు మీద నిలబడి, బురద కారుతున్న దాని ఒళ్ళు చూసి, ఒకే మాట అన్నాడు: "పాతదైపోయింది. మునిగింది. వచ్చే వారం చివర పాత ఇనుము వాళ్ళొస్తారు, ఇచ్చేద్దాం."

అప్పటినుంచి చిటపటమ్మ ఏ బోల్టు విప్పినా ఆ మాటనే తిడుతోంది. మునిగిందట! దానంతట అదే, బతుకు మీద విరక్తి పుట్టి, నీళ్ళు చూసుకుని మునిగినట్టు!

ఆ బండి వచ్చిన రోజు ఆమెకింకా గుర్తే. ఎవరో భూములు కొలిచే కంపెనీ వాళ్ళు వాడి వాడి వదిలేసిన దాన్ని ఆఫీసు వాళ్ళు కొని తెచ్చారు. ఒంటి నిండా కొత్త ఆకుపచ్చ రంగు. ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, గోరుతో గీరింది. రంగు పెళ్ళగా ఊడొచ్చింది. దాని కింద ఎండిన బురద. బురద కూడా కడగకుండా రంగేశారు! అమ్మినవాడి ఏడు తరాలనూ ఆ పూట పేరుపేరునా పలకరించింది. మూత తీస్తే చైన్లు తుప్పుతో కొయ్యబారి ఉన్నాయి. తొట్టి అడుగున పగుళ్ళలో తారు కూరి పైన ప్లాస్టరు అంటించారు. బేరింగుల్లో గ్రీజుకు బదులు ఇసుక. "ఇది బండి కాదు, వీడు నాకు అంటగట్టిన రోగి," అని, ఆ సాయంత్రమే విప్పడం మొదలుపెట్టింది.

విప్పడం ఆమెకు తండ్రి నేర్పాడు. ఆయనా పంపుహౌసు మనిషే. స్క్రూడ్రైవరు కొస మోటారు మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని వినేవాడు. చిన్నప్పుడు ఆమె కూడా ఆ పిడికి చెవి పెట్టింది. లోపల ఒక వాన కురుస్తున్నట్టుంది. "వాన ఒకే తీరుగా కురిస్తే బేరింగు బాగున్నట్టు. మధ్యలో వడగళ్ళు పడితే మార్చాలి," అన్నాడు తండ్రి. అప్పటినుంచి ఆమెకు లోహాలన్నీ వాతావరణాలే. కప్పబండిలో మొదటిసారి చెవి పెట్టినప్పుడు ఆమెకు వడగళ్ళు వినపడలేదు. కంకర లారీ వినపడింది.

బేరింగులు మార్చింది. చైన్లు ఆముదంలాంటి చిక్కటి నూనెలో నానబెట్టి, కణుపు కణుపునా కదిలించి, బిగువు సరిచేసింది. చైను మరీ బిగిస్తే ఇరుసు ఏడుస్తుంది, వదులైతే తొట్టిని కొడుతుంది. బొటనవేలితో నొక్కితే చిన్నపిల్ల బుగ్గలా లొంగాలి. పగుళ్ళలోని తారు తవ్వి, వేడిగాలితో ప్లాస్టిక్ కరిగించి అతికింది. బండి లేచి నిలబడి రెల్లులోకి పోయిన రోజు ఎవరూ ఆమె పేరెత్తలేదు. "రంగు భలే ఉంది," అన్నారు.

బండి నడిపే పని ఆమె తోడికోడలిది. పెద్దామె బాగుచేస్తుంది, చిన్నామె నడుపుతుంది. వాళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, వలలు అల్లుకుంటూ ఇంటిపట్టున ఉంటారు. "మా ఇంట్లో ఆడవాళ్ళకి చక్రాలున్నాయి, మాకు వల ముళ్ళే మిగిలాయి," అని వాళ్ళకు వాళ్ళే జోకేసుకుంటారు. తోడికోడళ్ళిద్దరూ పడి చచ్చేంత ప్రేమగా ఉండరుగానీ, ఒకరి చేతిపని మీద ఒకరికి గురి. బండి మునిగిన రోజున ఆ గురి కాస్తా తప్పింది.

చిన్నామె ఎక్కడో మొద్దుకు గుద్దిందని పెద్దామె అనుమానం. పెద్దామె వేసిన సీలే జారిందని చిన్నామె అనుమానం. ఎదురెదురుగా అనుకోలేదు. వంటింట్లో గిన్నెలకు చెప్పుకున్నారు.

"చూశావా," అనేది పెద్దామె గరిటెతో, "కళ్ళు నెత్తినుంటే మొద్దులేం కనపడతాయి!"

చిన్నామె మూతకు చెప్పేది: "ఏం చేస్తాం తల్లీ! కొందరు అతికినవి అతుకుతాయి, కొందరు అతికినవి బతుకు తీస్తాయి."

"అన్నం పెట్టేదేమన్నా ఉందా?" అని మగవాళ్ళు అడిగితే, ఇద్దరూ ఒకేసారి, "గిన్నెల్నే అడగండి," అనేవాళ్ళు.

నర్సమ్మ రోజూ షెడ్డు దగ్గరికొచ్చి నిలబడేది. అడిగేది కూడా కాదు. మందుల పెట్టె కింద పెట్టి, కప్పబండిలోని నీళ్ళ వైపు చూసేది. ఆ రోజు మాత్రం అడిగింది.

"మేస్త్రమ్మా, దొరికిందా?"

"దొరికింది. కానీ ఇది నేరం చేసిన మొహం కాదండీ," అంది చిటపటమ్మ, మూతలో పడిన బొట్టును చూపించి. "ఈ లెక్కన మునగాలంటే బండి ఆ మడుగులో కాపురం పెట్టాలి. ఎక్కడో చెయ్యి పట్టేంత బొక్క ఉండాలి. అదే కనపడట్లేదు."

"నిన్న రెల్లు అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చాను," అంది నర్సమ్మ. "మెరక మీద నెలలు నిండినవాళ్ళున్నారు. అవతల నుంచి ఎవరో చెయ్యూపారు. రమ్మనో, క్షేమమనో తెలియలేదు. నేనూ చెయ్యూపి వచ్చేశాను. చెయ్యూపడానికి నర్సెందుకండీ?"

చిటపటమ్మకు కోపమొచ్చింది. ఆ కోపంలోనే చీలిన సీలు పెరికి కొత్తది వేసింది, తొట్టిలో నీళ్ళు వదిలేద్దామని అడుగున ఉన్న బిరడా లాగింది. అది మొన్న తాను తెచ్చి పెట్టిన కొత్త బిరడా. పాతది బండిని ఒడ్డుకు లాగేటప్పుడు ఊడి మడుగులో పడిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. ఆ పాతది పెద్ద జామకాయంత నల్ల రబ్బరు బిరడా. దాని నడుముకు ఆమె ఎర్రతీగ చుట్టి పెట్టుకుంది, చీకట్లో వెతుక్కోవడానికి.

ఆ బిరడాకు ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. బండి ఒడ్డు మీదుంటే బిరడా బండిలో ఉండకూడదు. తొట్టిలో చేరిన నీళ్ళు వాటంతట అవి కారిపోవాలి కదా! అందుకని షెడ్డు తలుపు పక్కన మేకు కొట్టింది. బండి రాగానే బిరడా మేకుకు. బండి పోయేటప్పుడు బిరడా మేకు మీంచి తీసి బండికి. పొద్దున్నే పంపుహౌసుకు పరిగెడుతూ ఆమె ఎంత దూరం నుంచైనా ఒక కేక వేస్తుంది: "బిరడా తీశావా?" చిన్నామె, "తీశా అక్కా!" అంటుంది. ఏళ్ళుగా అదే కేక, అదే జవాబు. పక్కింటి వాళ్ళు ఆ కేక విని పొయ్యి వెలిగించుకునేవాళ్ళు.

నీళ్ళు గుడగుడమని కాలవలోకి పోతుంటే మబ్బు పట్టింది. చిటపటమ్మ ఇంటికి పరిగెత్తి, తలుపు వెనక తగిలించి ఉన్న వానకోటు లాక్కుని తొడుక్కుంది. అది తనది కాదు, తోడికోడలిది. మునిగిన రోజు తడిసిన కోటు, ఎవరూ ఆరేయక అలాగే ముక్కిన వాసన కొడుతోంది. కోపంలో చెయ్యి జేబులోకి పోయింది.

జేబులో ఏదో ఉంది. గుండ్రంగా, గట్టిగా, జామకాయంత.

ఆమె చెయ్యి బయటికి తీయలేదు. వేళ్ళతోనే తడిమింది. ఎర్రతీగ తగిలింది. బయట వాన మొదలైంది. ఇంటి చూరు మొత్తం ఒకే తీరుగా కురుస్తోంది, ఆమె గుండెలో మాత్రం వడగళ్ళు.

"ఒసేయ్!" అంది. గరిటెతో కాదు.

చిన్నామె వంటింట్లోంచి వచ్చింది. చాలా రోజుల తర్వాత తనను పిలిచారు కాబట్టి మొహం కాస్త వెలిగింది. అక్క అరచేతిలో ఉన్నది చూడగానే ఆ వెలుగు కాస్తా ఆరింది.

"ఇది నీ జేబులో ఎందుకుందే?"

"తీశాను కదా, అక్కడే పెట్టుకున్నా."

"తీసి జేబులో పెట్టుకోవడమేమిటే? బొక్కలో పెట్టాలి గానీ!"

"బొక్కలోంచే తీశానక్కా! ముందు రోజు రాత్రి నీ పంపుసెట్టు ముక్కలు షెడ్డంతా పరిచావు. బండి బయటే పెట్టా, బిరడాతో సహా. రాత్రంతా వాన. పొద్దున తొట్టి నిండా నీళ్ళు. అవి పోవడానికి తీశా. నువ్వేగా అడిగావు, తీశావా అని?"

"నేనడిగింది మేకు మీంచి తీశావా అని!"

"నేను చెప్పింది బండిలోంచి తీశానని!"

"మేకు మీంచి తీస్తే బండికి పెట్టినట్టు కదే!"

"బండిలోంచి తీస్తే నీళ్ళు పోయినట్టు కదక్కా! నువ్వడిగావు, గుర్తుచేశావు కదా, మంచిదే అనుకుని ఇంజను వేసేశా!"

ఇద్దరూ ఒకేసారి బిరడా వైపు చూశారు. ఏళ్ళ తరబడి ఆ ఇంటికీ షెడ్డుకీ మధ్య గాల్లో పక్షిలా ఎగిరిన ఒక చిన్న మాట ఉంది కదా, తీశావా అని. దానికి రెండు రెక్కలున్నాయని, రెండూ రెండు దిక్కులకు కొట్టుకుంటాయని ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. ఎందుకంటే ఇన్నాళ్ళూ బండి మునగలేదు.

చిన్నామె కింద కూర్చుంది. "మొద్దు కాదు. సీలు కాదు," అంది నెమ్మదిగా. తర్వాత మొహం ఎత్తి, "చెప్పొద్దక్కా," అంది.

"ఏం చెప్పొద్దు?"

"ఆఫీసులో. బండి తప్పని వాళ్ళే అన్నారు కదా. పాతదే కదా అది. దాని మీదకే పోనీ. మనమని తెలిస్తే నా లైసెన్సు లాక్కుంటారు. నీ షెడ్డు లాక్కుంటారు."

చిటపటమ్మకు ఆ మాట అర్థం కాక కాదు, బాగా అర్థమై ఒళ్ళు మండింది. "దాని మీదకు పోనీనా? దానికి నోరుందా, కాదు నేను మునగలేదు, నన్ను ముంచారు అని చెప్పుకోవడానికి? రంగు కింద బురదతో వస్తే కడిగాను. ఇసుక మింగి వస్తే కక్కించాను. ఇన్నేళ్ళు ఆ నర్సమ్మని పొట్టలో పెట్టుకుని మోసింది. మన నాలుక చేసిన పనికి దాని ఒళ్ళు ముక్కలు చేయించమంటావా? సరే, తుక్కుకు పోనీ. తర్వాత నీ లైసెన్సు ఏ మేకుకి తగిలిస్తావే?"

చిన్నామె ఏడ్చింది. పెద్దామె ఏడవలేదు. వానకోటు విప్పి, పిండి, తీగ మీద ఆరేసింది. ఆ కోటుకు వారం నుంచి దక్కని మర్యాద అది.

మర్నాడు ఆఫీసరు టేబులు మీద చిటపటమ్మ బిరడా పెట్టింది. ఆయన దాన్ని పేపరువెయిటు అనుకుని పక్కకు జరిపాడు.

"సార్, బండి మునగలేదు."

"మరి? స్నానానికి దిగిందా?"

"ఇది దాని బిరడా. ఆ రోజు ఇది బండిలో లేదు, జేబులో ఉంది. అడగడంలో తప్పు నాది. బొక్క అదే. ఇంకో బొక్క లేదు. నీళ్ళు పోసి, అంగుళం అంగుళం చూశాను."

జరిగిందంతా చెప్పింది. ఆఫీసరు చెడ్డవాడు కాదు. అలసిపోయిన మనిషి. మొత్తం విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, మీరు కూర్చోండి. బండి తప్పని రాస్తే ఒక్క వాక్యంతో పోతుంది. మనిషి తప్పని రాస్తే విచారణ, సంజాయిషీ, పై ఆఫీసు నుంచి పెద్దలు. ఆ బండి మీద నాకేం పగ? మీ ఇద్దరి మీద జాలితోనే అలా రాశాను. ఎవరో ఏదో మర్చిపోయి ఉంటారని నాకు ఆ రోజే అనిపించింది."

చిటపటమ్మ కూర్చోబోతున్నదల్లా లేచి నిలబడింది. "అనిపించిందా! అనిపించి కూడా దాన్ని తుక్కుకిస్తారా? నా మీద జాలికి దాని మెడ కోస్తారా? ఆ జాలి మీ దగ్గరే ఉంచుకోండి సార్. మాకు జాలి, మీకు సులువు, మెరక మీద వాళ్ళకేమిటి? నర్సమ్మ ఒడ్డు మీద నిలబడి చెయ్యూపాలా?"

పక్కగదిలో టైపు చప్పుడు ఆగిపోయింది.

"గట్టిగా అరవకండి," అన్నాడు ఆఫీసరు, తానే గట్టిగా. "మీరు చెప్పారని దించుతాను. మళ్ళీ మునిగితే? అప్పుడు ఎవరి జాలి పనికొస్తుంది?"

"మీరెక్కండి."

"ఏమిటి?"

"మీరు ఎక్కండి. మునిగితే మీతోనే మునుగుతుంది. కళ్ళారా చూసి రాసుకోవచ్చు."

"నాకు ఈత రాదమ్మా."

"బండికొచ్చు సార్. మీరు ఊరికే కూర్చుంటే చాలు."

కోపంతోనో, టైపు చప్పుడు ఇంకా మొదలు కాలేదన్న సిగ్గుతోనో, ఆయన లేచాడు.

చక్రాలు బిగించడానికి ఆ పూటంతా పట్టింది. మబ్బు విడిచిన సాయంత్రం మడుగు పళ్ళెంలా మెరుస్తోంది. చిన్నామె లివర్ల దగ్గర కూర్చుంది. వెనక నర్సమ్మ, పెట్టెతో; ఆమెను ఎవరూ పిలవలేదు, వచ్చి కూర్చుంది. ఆఫీసరు బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. చిటపటమ్మ ఎక్కే ముందు ఊరంతా వినపడేలా అడిగింది.

"బిరడా పెట్టావా?"

"పెట్టా అక్కా."

"ఎక్కడ?"

"బొక్కలో!"

"చెయ్యి పెట్టి చూశావా?"

"నువ్వే చూడు, తల్లీ!"

చూసింది. కప్పబండి బురదలో జారి, రెల్లు పక్కకు తోసుకుని, నీళ్ళు తగలగానే కాస్త ఊగి తేలింది. ఆ ఊపులో ఏదో ఉంటుంది. బరువున్నదేదో బరువును మర్చిపోయే ఊపు. ఆఫీసరు సీటు అంచు పట్టుకుని అడుగుకేసి చూస్తున్నాడు. అడుగు పొడిగా ఉంది. మడుగు మధ్యదాకా పొడిగానే ఉంది.

సరిగ్గా పోయినసారి మునిగిన చోటే ఇంజను గొంతు పెరిగింది, చక్రాలు ఆగిపోయాయి. బండి నీళ్ళ మీద పక్కకు కొట్టుకుపోసాగింది.

"అయిపోయింది," అన్నాడు ఆఫీసరు. "మునుగుతున్నాం."

"మునగడం లేదు, అలిగింది," అంది చిటపటమ్మ. "వారం రోజులు తడిసి ఉంది. బెల్టు మూతలో ఎక్కడో చెమ్మ మిగిలింది. ఇంజను బలం చైన్లకు చేర్చే ఆ బెల్టు తడిసి జారుతోంది. అది నా తప్పే, ఆరబెట్టాననుకున్నా. ఏమే, న్యూట్రల్లో వేసి ఇంజను పెంచు. ఇంకా పెంచు. దాని ఒళ్ళు అదే ఆరబెట్టుకుంటుంది."

ఇంజను అరిచింది. కాలిన రబ్బరు వాసన, తెల్లటి ఆవిరి. రెల్లులోంచి పిట్టలు లేచిపోయాయి. ఆఫీసరు కళ్ళు మూసుకున్నాడు. నర్సమ్మ ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది, అలవాటు కొద్దీ. చిన్నామె అక్క వైపు చూసింది. అక్క స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని వింటోంది. కాసేపటికి తలూపింది. చిన్నామె గేరు వేసింది. చక్రాలు నీళ్ళను పట్టుకున్నాయి.

మెరక ఒడ్డున బండి బురద ఎక్కేసరికి అక్కడ జనం నిలబడి ఉన్నారు. నర్సమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా పెట్టె తీసుకుని ఒక ఇంటి వైపు పరిగెత్తింది. ఆ ఇంట్లోంచి ఎవరో మూలుగుతున్న చప్పుడు వస్తోంది. మొన్న ఊపిన చెయ్యి క్షేమమని కాదని అప్పుడు తెలిసింది.

ఆఫీసరు వంగి, అరచేత్తో బండి అడుగు తడిమాడు. పొడిగా ఉన్న ఆ చెయ్యి చాలాసేపు చూసుకున్నాడు.

"బండి ఉంటుంది," అన్నాడు చివరికి. "కానీ తప్పు మనిషిదని రాశాక మనిషికి ఏదో ఒకటి చెయ్యక తప్పదు."

"చెయ్యండి," అంది చిటపటమ్మ. "అడిగింది నేను. అడగడం రానిది నేను. దానికి జవాబు చెప్పినదాన్ని వదిలేయండి."

చిన్నామె నోరు తెరవబోతే, "నువ్వు నోరు మూసుకుని బిరడా తియ్యి. బండిలోంచి!" అంది.

అలా తోడికోడలు బండి మీద మిగిలింది. చిటపటమ్మను షెడ్డు నుంచి తప్పించి ఊరి చివర పంపుహౌసుకు పంపారు. కప్పబండి మీద చెయ్యి వేయకూడదని ఉత్తర్వు. శిక్ష పడినందుకు ఆమెకు పెద్దగా కోపం రాలేదు. కొత్త మెకానిక్ చైను బిగించే తీరు చూసి మాత్రం కోపం వచ్చింది. షెడ్డు గేటు దాకా వెళ్ళి, లోపలికి అడుగుపెట్టకుండా, గేటు పట్టుకుని అరుస్తుంది: "బాబూ, అది చైను, వీణ తీగ కాదు! అంత బిగించకు!" ఆ అబ్బాయి మొదట చిరాకు పడ్డాడు. తర్వాత, గేటు దగ్గర ఒక స్టూలు వేశాడు.

బండి లివర్ల ముందు తోడికోడలు తెల్లరంగుతో ఒకే మాట రాయించింది: పెట్టావా?

ఆ బండి గురించి నాలుగు మాటలు రాసుకుందామని బయటి నుంచి వచ్చిన మనిషికి ఆమె కనిపించింది ఆ ఊరి చివర పంపుహౌసులోనే. చెప్పాల్సిందంతా విసుక్కుంటూ, మధ్యలో మోటారును తిడుతూ చెప్పింది. బయలుదేరబోతుండగా రెల్లు అవతల నుంచి చప్పుడు వినిపించింది. ఆమె మాట ఆపి, తల పక్కకు వంచింది. "ఎడమవైపు వెనక చైను వదులైంది. వాడికి ఎన్నిసార్లు చెప్పాను!" అని పళ్ళు నూరుకుంది. అంతలో రెల్లు చీల్చుకుని ఆకుపచ్చ మూతి బయటపడింది. వెనక సీట్లో నర్సమ్మ, ఒళ్ళో మందుల పెట్టె.

"ఆ మునిగిన బండి అదేనాండీ?" అని అడిగాడు వచ్చినాయన.

చిటపటమ్మ చేతిలోని రెంచి బల్ల మీద కొట్టి పెట్టింది.

"ఇంతసేపూ మీకు చెప్పిందేమిటి, మీరు అడిగేదేమిటి? రాస్తే సరిగ్గా రాయండి. బండి మునగలేదు. మేం ముంచాం."